గ్రంథముల చిత్రణకు కెమెరా ఎన్నిక



పాత పుస్తకములను, పత్రికలను డిజిటల్ కెమెరాతో చిత్రించి భద్రపరచుట నేడు చిన్న గ్రంథాలయమునకును సాధ్యమే. కాని పెళుసెక్కిన కాగితము పదిమారులు విప్పుట కోర్వదు. కెమెరా ఎన్నిక తప్పినచో చందాదారుల సొమ్మే కాదు, పుటయు దక్కదు.

అంగడిలో మొదట వినబడు మాట మెగాపిక్సెళ్ల లెక్క. అది పెద్దదైనకొలది కెమెరా మేలైనదని పలువురి తలపు. మార్కాపురపు పలకపై నిలువు గీతలు, అడ్డ గీతలు గీచిన గళ్లేర్పడును గదా! కెమెరాలోని సెన్సారు అట్టి పలకయే. ఒక్కొక్క గడి తనపై బడిన వెలుగును కొలుచును. ఆ గడియే పిక్సెల్. పది లక్షల గళ్లు ఒక మెగాపిక్సెల్. 1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ నిర్మించిన తొలి డిజిటల్ కెమెరాలో గళ్లు 10,000 మాత్రమే.

పలక పెరుగక గళ్లు మాత్రమే పెరిగినచో ప్రతి గడియు చిన్నదై, దానికి దక్కు వెలుగు తగ్గును. కావున సెన్సారు కొలతయు అడుగవలెను. మరియొక సంగతి: గళ్లు నాలుగు రెట్లైనగాని గీతల స్పష్టత రెండు రెట్లు కాదు.

ఎన్ని గళ్లు చాలునో పుటయే చెప్పును. అచ్చుపుటకు అంగుళమునకు 300 చుక్కలు వాడుక. 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల పొడవు గల పుటకు 2,400ను 3,000తో హెచ్చింపగా 72 లక్షలగును. అంచులు విడిచినను 12 మెగాపిక్సెళ్లు చాలును. రాచర్ల వంటి గ్రామమున చదువరులు చేపట్టు పుస్తకములలో పెక్కు ఈ కొలతకు లోబడినవే.

1918లో నెలకొన్న వేటపాలెము సారస్వత నికేతనము వలె పాత వార్తాపత్రికలను దాచిన చోట లెక్క వేరు. 15 అంగుళముల వెడల్పు, 22 అంగుళముల పొడవు గల పుటకు దాదాపు 3 కోట్ల గళ్లు కావలెను. 24 మెగాపిక్సెళ్ల కెమెరాయైనచో పుటను రెండు సగములుగా చిత్రించుట మేలు.

కొనుటకు ముందు సన్నని అచ్చుగల పుటనొకదానిని చిత్రించి, పెంచి చూడవలెను. ‘ద’కు, ‘ధ’కు భేదము తెలిపెడి చిన్న గీత స్పష్టముగా కనబడినచో ఆ కెమెరా చాలును. కనబడనిచో లెన్సు, వెలుతురు, చేతివణకు వీనిని పరీక్షింపవలెను. గళ్లు పెంచినంతమాత్రమున ఆ లోపము తీరదు.

అక్కరకు మించిన మెగాపిక్సెళ్లకు వెచ్చింపక, మిగిలిన సొమ్ముతో కదలని స్టాండును, రెండు దీపములను, చిత్రముల రెండవ ప్రతిని దాచుటకు డిస్కును కొనుట వివేకము. పుట చిరిగిన పిమ్మట మిగులునది ఆ ప్రతియే.