ఒంటి ప్రతి

రజతోత్సవ శుభవేళ అచ్చు కాని కాగితములను గూర్చి రెండు మాటలు మనవి చేయుదును.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడప చేరి, సొంత ధనముతో పండితులకు జీతములిచ్చి, తాళపత్రములను సేకరించి, పాఠములను సరిచూపించెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. ఆయన నిఘంటువు లోకవిదితము. ఆయన జాబులును నశింపలేదు. చిరకాలము మద్రాసు విశ్వవిద్యాలయ ఆవరణమున నుండిన ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున సంపుటములుగా నిలిచెను. 1970 దశకమున బండి గోపాలరెడ్డిగారు, అనగా బంగోరె, వానిని ఓపికతో చదివి, నాటి పండితుల పాట్లను, జనజీవనమును వెలికితెచ్చిరి. బ్రౌను ఏమి సాధించెనో నిఘంటువు చెప్పును. ఎట్లు సాధించెనో జాబులు చెప్పును.

అచ్చుపుస్తకము చిరిగినచో మరియొకటి దొరకును. చేవ్రాత కాగితము ఒంటి ప్రతి; పోయినచో పోయినదే.

మన కుల్కచర్ల అటకలపై నైజాము కాలపు ఉర్దూ దస్తావేజులు, వర్తకుల ఖాతాలు, ఉపాధ్యాయుల జాబులు ఉండవచ్చును. ఆ ఉర్దూ చదువగల పెద్దలు నానాటికి తగ్గుచున్నారు. చెదలు చదువక మునుపే మనము చదువవలెను.

నిర్వాహకులు ఒక బీరువా కేటాయింపవలెను. ఇచ్చినవారి పేరు, తేదీ రిజిస్టరున వ్రాసి, కాగితముల వరుస చెడకుండ కట్టలు కట్టవలెను. ఇండ్లకీయక ఇచ్చటనే చదివింపవలెను. ఇంటి గుట్టు గల జాబులను ఎన్నాళ్లు మూసియుంచవలెనో ఇచ్చినవారే నిర్ణయింతురు. విశ్వవిద్యాలయములు చేయు పని ఇదియే. దీనికి మేడలక్కరలేదు, శ్రద్ధ చాలును.