చూరు కింద వెలుగు: మన పెద్దల ఫొటోలు మనమే తీద్దాం

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు అమలాపురంలో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఫొటోలు తీయడం గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు మమ్మల్ని అడిగారు. మేము స్టూడియోలు ఉన్నవాళ్లం కాదు. ఆదివారం పూట మన ఎరుకల పేటలకు వెళ్లి, పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఫొటో తీసి, ప్రింటు వేయించి వాళ్ల చేతిలో పెట్టి వచ్చే నలుగురం. మా దగ్గర పాత కెమెరా ఒకటి ఉంది. మిగతావన్నీ మీ జేబుల్లో ఉన్నలాంటి ఫోన్లే. లైట్లు లేవు, గొడుగులు లేవు. కాబట్టి ఇవాళ మేము చెప్పేది మీలో ప్రతి ఒక్కరూ రేపు పొద్దున్నే చేయగలిగిన పనే.

ఈ పని ఎందుకు మొదలైందో ముందు చెబుతాం. మా పేటలో ఒక మామ్మ కాలం చేసింది. బుట్టలు అల్లి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. పెద్దకర్మకు ఫ్లెక్సీ వేయిద్దామంటే ఇంట్లో ఒక్క ఫొటో లేదు. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దది చేయించారు. ఆ ఫ్లెక్సీలో ఉన్నది మామ్మ కాదు. భయపడి, కళ్లు పెద్దవి చేసి, గోడకు ఆనించి నిలబెట్టినట్టున్న ఎవరో ముసలావిడ. మనవరాలు దాన్ని చూసి "ఇది మా మామ్మ కాదు" అని ఏడ్చింది. ఆ రోజు మాకు సిగ్గేసింది. అందరి దగ్గరా ఫోన్లున్నాయి, సెల్ఫీలు వందలున్నాయి, మామ్మది మాత్రం ఒక్కటీ లేదు.

మన పెద్దలు కెమెరా ముందు ఎందుకు బిగుసుకుపోతారో కూడా మనం తెలుసుకోవాలి. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి గారితో కలిసి 1909లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మన గురించి కొరవ అనే శీర్షిక కింద రాశాడు. ఆ రోజుల్లో తలల చుట్టుకొలతలు, ముక్కుల పొడవులు కొలిచేవారు. ఎదురుగా ఒకటి, పక్కగా ఒకటి ఫొటో తీసేవారు. అలాంటి ఫొటోల్లో చాలావాటి కింద మనిషి పేరు ఉండదు, తెగ పేరే ఉంటుంది. అప్పటికే 1871 నుంచి నేరస్థ తెగల చట్టం ఉంది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, పోలీసులకు హాజరు చెప్పించుకున్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా వెలిసిన సెటిల్‌మెంటే. ఆ చట్టం రద్దయింది 1952లో. అంటే మన తాతల చిన్నతనం దాని నీడలోనే గడిచింది.

కొత్తపేట వైపు ఒక తాత దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట ఇది: "ఫొటో దేనికయ్యా, స్టేషన్లో పెడతారా?" నవ్వుతూనే అడిగాడు గానీ మాకు నవ్వు రాలేదు. ఆ మాటకు మనం ఇవ్వగలిగిన జవాబు ఒక మంచి ఫొటో. ఆయన చూసుకుని "ఇది నేనే" అనుకోవాలి.

ఇక వెలుగు సంగతికి వద్దాం. మేము చేసిన మొదటి తప్పు కూడా ఇలాంటి ఆగస్టు నెలలోనే. ఒక పేటలో పెద్దవాళ్లందర్నీ మధ్యాహ్నం పన్నెండింటికి కొబ్బరిచెట్ల కింద నిలబెట్టి తీశాం. నీడగానే ఉంది కదా అనుకున్నాం. ఇంటికొచ్చి చూస్తే ముఖాల నిండా మచ్చలు. కొబ్బరి ఆకుల సందుల్లోంచి దిగిన ఎండ ఒకరి ముక్కు మీద, ఒకరి నుదుటి మీద చారలు చారలుగా పడింది. కళ్లు మాత్రం రెండు నల్లటి గుంటలు. ఒక మామ్మ ఆ ఫొటో చూసి, "ఏంట్రా అయ్యా, ముఖాన సున్నం చిలకరించినట్టు తీశావు" అంది.

దాని కారణం మన నేలలోనే ఉంది. అమలాపురం పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారం దాటుతుండగా మరోసారి సూర్యుడు మనకు నడినెత్తికి వస్తాడు. ఇవాళ మబ్బు లేకపోతే పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు బయటకెళ్లి చూడండి, మీ నీడ మీ కాళ్ల కిందే ఉంటుంది. అంత నిట్టనిలువు ఎండలో కనుబొమల నీడ కళ్ల మీద, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది. ఎంత అందగాడైనా ఏదో జబ్బు చేసినట్టు కనిపిస్తాడు.

అందుకే మేము వెతికేది ఓపెన్ షేడ్. మన మాటల్లో చెప్పాలంటే ఆకాశం కనిపించే నీడ. మనిషి నెత్తిన ఎండ పడకూడదు, మనిషి కళ్లకు ఎదురుగా మాత్రం ఆకాశం తెరుచుకుని ఉండాలి. అప్పుడు ఆకాశమంతా ఒక పెద్ద దీపంలా పనిచేస్తుంది. దీపం ఎంత పెద్దదైతే నీడ అంచులు అంత మెత్తగా ఉంటాయి. ముడతలు కనిపిస్తాయి, కోసినట్టు మాత్రం ఉండవు.

అలాంటి నీడ మన పేటల్లో ఎక్కడ దొరుకుతుంది? మొదటిది ఇంటి చూరు కింద, అరుగు మీద. తూర్పు ముఖం ఇల్లయితే మధ్యాహ్నం రెండు దాటాక వీధి అరుగు మంచి నీడలో ఉంటుంది. పడమటి ముఖమైతే పొద్దున పదింటిలోపు చూసుకోండి. దసరా నుంచి శివరాత్రి దాకా సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి ఉత్తరం గోడ రోజంతా నీడే. మే నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి వాలతాడు, అప్పుడు ఆ గోడను నమ్ముకోవద్దు. చెట్టు కింద తీయాలంటే కొబ్బరి వద్దు. ఆకు దట్టంగా ఉండే మామిడి గానీ, కాలవ గట్టు మీది నిద్రగన్నేరు గానీ చూసుకోండి. నేల మీద ఎండ చుక్కలు కనిపిస్తున్నాయంటే ముఖం మీదా పడతాయని గుర్తుపెట్టుకోండి.

చోటు దొరికాక మీ అరచేతిని ముఖమంత ఎత్తున పట్టుకుని నెమ్మదిగా చుట్టూ తిరగండి. చేతి గీతల మీద వెలుగు ఎటు తిరిగినప్పుడు నిండుగా, మెత్తగా పడుతుందో అటు మనిషి ముఖం తిరగాలి. నీడ అంచు నుంచి రెండు మూడు అడుగుల లోపలే కూర్చోబెట్టండి. మరీ లోపలికి జరిపితే కళ్లలో మెరుపు పోతుంది. కనుపాపలో చిన్న తెల్లటి మెరుపు కనిపిస్తే ఆ ఫొటోకు ప్రాణం వచ్చినట్టే. అది కనిపించే దాకా గడ్డం కాస్త ఎత్తమనండి, లేదా పీట కాస్త బయటికి జరపండి.

తర్వాత నేల చూడండి. ఎదురుగా సిమెంటు రోడ్డో ఇసుకో ఎండలో ఉంటే ఆ వెలుగు కిందనుంచి ముఖం మీదికి లేస్తుంది, కళ్ల కింద గుంటలు తేలికవుతాయి. మన కోనసీమలో ఇబ్బంది పచ్చదనం. అరటి తోట పక్కన, వరి చేను గట్టున తీస్తే చర్మం మీద ఆ పచ్చ ఛాయ పడుతుంది. ఊరంతా అందంగా ఉంటుంది, మనిషి మాత్రం కామెర్లు వచ్చినట్టుంటాడు. ఒక పక్క చీకటిగా ఉంటే తెల్ల పంచె ఒకటి నాలుగు మడతలు వేసి ఆ పక్కన పట్టుకోమనండి. థర్మోకోల్ ముక్కయినా చాలు. ఇంతకు మించి సామాను మేము ఎప్పుడూ వాడలేదు.

నీడలో వెలుగు కాస్త నీలంగా ఉంటుంది, ఎందుకంటే అది సూర్యుడిది కాదు, ఆకాశానిది. కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ను షేడ్ లేదా క్లౌడీ అని పెడితే చర్మం రంగు తిరిగి వెచ్చబడుతుంది. కెమెరా ఉన్నవాళ్లకు ఒక కొండగుర్తు: ఐఎస్ఓ 100, షట్టర్ సెకనులో నూరో వంతు ఉంటే, మిట్ట ఎండలో ఎఫ్ 16 సరిపోతుంది, ఇలాంటి నీడలో ఎఫ్ 5.6 దగ్గర మొదలుపెట్టండి. ఫోను వాళ్లు ముఖానికి మరీ దగ్గరగా వెళ్లొద్దు, ముక్కు పెద్దదవుతుంది. ఐదారు అడుగుల దూరంలో నిలబడి రెండింతల జూమ్ వాడండి.

ఇప్పుడు మన రంగు గురించి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాట జాగ్రత్తగా వినండి. ఒకప్పుడు ఫొటో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ వాళ్లు పంపే కార్డు ఒకటి ఉండేది. దాన్ని షర్లీ కార్డు అనేవారు. దాని మీద ఏళ్ల తరబడి తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేది. ఆ చర్మం బాగా వస్తే అన్నీ బాగున్నట్టే లెక్క. అంటే మన చాయ ఆ లెక్కలోనే లేదు. ఇప్పటి ఫోన్లలో బ్యూటీ మోడ్ కూడా అదే పని చేస్తుంది, అడగకుండానే తెల్లబరుస్తుంది, ముడతలు చెరిపేస్తుంది. దాన్ని ముందు ఆపేయండి. కెమెరా ప్రతిదాన్నీ మధ్యరకం బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. నల్లటి మనిషి వెనక చీకటి గుమ్మం ఉంటే ముఖాన్ని బూడిద పూసినట్టు చేస్తుంది, వెనక ఎండ చేను ఉంటే ముఖాన్ని బొగ్గు చేస్తుంది. కాబట్టి తెర మీద ముఖాన్ని తాకి నొక్కి పట్టండి, పక్కన వచ్చే వెలుగు గుర్తును మొదటి సందర్భంలో కిందికి, రెండో సందర్భంలో పైకి జరపండి. నల్లటి చర్మం అందం దాని నిగారింపులో ఉంది. చెంప మీద, నుదుటి మీద ఆకాశం వెలుగు జారితే చాలు. తెల్లగా చేయనక్కర్లేదు.

ఇంకా ఒక్క మాట. లాంగ్ షాట్, క్లోజప్ కంటే ముందు మాట కలపడం నేర్చుకోండి. వెళ్లగానే ఫోన్ తీయొద్దు. అరుగు మీద కూర్చోండి, మంచినీళ్లు అడిగి తాగండి. ఫొటో ఎందుకో చెప్పండి, ఎక్కడ పెడతారో చెప్పండి, వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. నవ్వమని బలవంతపెట్టొద్దు. వాళ్ల చేతికి వాళ్ల పని ఇవ్వండి. అమెరికా ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ 1948లో పెరూ దేశంలోని కుజ్కోలో ఒక చిన్న స్టూడియో అద్దెకు తీసుకుని, పగటి వెలుగులోనే అక్కడి కొండజాతి మనుషుల్ని తీశాడు. 1950, 51లలో పారిస్, లండన్, న్యూయార్క్ నగరాల్లో చేతిపనివాళ్లను వాళ్ల పనిబట్టల్లోనే, పనిముట్లతో సహా నిలబెట్టి తీశాడు. ఆ ఫొటోల్లో పనిముట్టు పట్టుకున్న చెయ్యి ముఖమంత గట్టిగా మాట్లాడుతుంది. వెదురు చీరే కత్తి, సగం అల్లిన బుట్ట, ఎరుక చెప్పే మామ్మ చేతిలోని కర్ర, వీటికంటే గొప్ప పనిముట్లు ఎవరి దగ్గరున్నాయి?

కొత్తపేట తాత సంగతి చెప్పి ముగిస్తాం. మొదటి ఆదివారం ఆయన ఫొటో తీయనివ్వలేదు. మేమూ అడగలేదు. బుట్ట ఎలా మొదలుపెట్టాలో నేర్పమన్నాం. రెండో వారం మధ్యాహ్నం మూడింటికి చూరు కింద కూర్చుని వెదురు బద్దలు చీరుతూ, "మీ చేతులు బద్దలకు పనికిరావురా" అని వెక్కిరిస్తూ, ఆయనే "ఇప్పుడు తీసుకోండి" అన్నాడు. ప్రింటు తీసుకెళ్లి ఇస్తే చాలాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిప్పి, "ఇక్కడ నా పేరు రాయండి, మా నాన్న పేరు కూడా రాయండి" అన్నాడు. పెన్సిలుతో రాశాం.

అది మాకు పాఠమైంది. అప్పటి నుంచి ప్రతి ప్రింటు వెనకా మనిషి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తేదీ, తీసినవాళ్ల పేరు రాస్తున్నాం. ఒక ప్రింటు వాళ్లకు, ఒకటి సంఘానికి, అసలు ఫైలు రెండు చోట్ల. మీరూ అలాగే చేయండి. ఫోను పోతే ఫొటో పోతుంది, గోడ మీది ప్రింటు ఉంటుంది.

ఏజెన్సీ అనగానే అందరికీ రంపచోడవరం, చింతూరు గుర్తొస్తాయి. కొబ్బరి తోటల మధ్య కోనసీమలో గిరిజనులు ఉన్నారా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు వాదించి చెప్పే బదులు చూపిద్దాం. వచ్చే ఆగస్టు 9 నాటికి ఇక్కడున్న ప్రతి ఒక్కరూ తమ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లది ఒక్క ఫొటో తేవాలి. చూరు కింద, కళ్లలో ఆకాశంతో, వెనక పేరుతో. ఇవాళ ఇంటికి వెళ్లగానే మామ్మ పక్కన అరుగు మీద కాసేపు కూర్చోండి. వెలుగు ఎటునుంచి వస్తోందో చూడండి. పని అక్కడే మొదలవుతుంది.