బుట్ట అడుగున ఏమున్నది?

(జాన్సన్‌విల్‌లో తెలుగు తరగతి విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



జాన్సన్‌విల్‌లో రైలెక్కి, సొరంగాలు దాటుకొంటూ వెల్లింగ్టన్ చేరడం మీకందరికీ అలవాటే. ఆ నగరంలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో గణకశాస్త్రం చదివి 1977లో పట్టం పుచ్చుకొన్నవారు పాల్ హీలీ. ఇక్కడికి ఎంతో దూరాన, మరొక రేవు పట్టణమైన విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివినవారు మన తెలుగువారైన పాలేపు కృష్ణగారు. ఈ ఇద్దరూ తరువాత అమెరికాలో కలిసి పరిశోధన చేశారు. వారి పరిశోధన దేనిని గురించినదో ఈ రోజు మీకు చెబుతాను.

పెద్ద కర్మాగారం పెట్టాలంటే కోట్లకొద్దీ సొమ్ము కావాలి. అంత సొమ్ము సాధారణంగా ఒక్కరి దగ్గర ఉండదు. అందుచేత కంపెనీవారు మూలధనాన్ని చిన్న చిన్న వాటాలుగా విభజించి ప్రజలకు అమ్ముతారు. ఇలా వాటాలూ రుణపత్రాలూ అమ్ముడుపోయే చోటును మూలధన విపణి అంటారు. ఈ దేశంలో 2007లో మొదలైన కివీసేవర్ పేరు మీ ఇంట్లో వినే ఉంటారు. మీ అమ్మానాన్నల జీతంలో అందుకై మినహాయించే సొమ్ములో కొంత ఇలాంటి వాటాలలోకి పోవచ్చు. అంటే, ఎన్నడూ చూడని కంపెనీకి మన ఇంటి సొమ్ము చేరుతుందన్నమాట. ఏ ధైర్యంతో ఇస్తున్నాము? ఆ కంపెనీ ప్రకటించే లెక్కలను నమ్మి ఇస్తున్నాము.

ఒక ఉదాహరణ చెబుతాను. సంతలో పదిమంది మామిడిపండ్ల బుట్టలు పెట్టుకొని కూర్చున్నారు. పైన అన్నీ నవనవలాడే పండ్లే. కొందరి బుట్టల అడుగున మాత్రం కుళ్లినవి ఉన్నాయి. అవి ఎవరివో అమ్మేవారికి తెలుసు, కొనేవారికి తెలియదు. కొనేవాడు భయపడి అన్ని బుట్టలకూ తక్కువ ధరే ఇస్తానంటాడు. ఆ ధర గిట్టక మంచి పండ్లవాడు ఇంటికి పోతాడు. చివరికి సంతలో కుళ్లిన పండ్లే మిగులుతాయి. పాత కార్ల బేరాన్ని ఉదాహరణగా తీసుకొని, జార్జి ఎకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో ఈ సంగతినే నిరూపించారు. 2001లో ఆయన నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరు.

కృష్ణగారు భౌతికశాస్త్రం తరువాత కలకత్తాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లో చదివారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డాక్టరేటు పొంది, హార్వర్డ్ బిజినెస్ స్కూలులో ఆచార్యులయ్యారు. కంపెనీల విషయంలో బుట్ట అడుగును కొనేవారికి చూపించడం ఎలాగన్నది ఆయన పరిశోధనలలో ఒక ముఖ్యమైన ప్రశ్న.

కృష్ణగారు, హీలీ, ఎమీ హటన్ అనే పరిశోధకురాలు కలిసి 1999లో ఒక వ్యాసం ప్రకటించారు. తమ సంగతులను మునుపటికంటె వివరంగా వెల్లడించసాగిన కంపెనీలను వారు పరిశీలించారు. ఆ కంపెనీల వాటాల ధరలు పెరిగాయి, వాటి క్రయవిక్రయాలు సులభమయ్యాయి. వాటిని శ్రద్ధగా గమనించే విశ్లేషకుల సంఖ్య కూడా పెరిగింది. కృష్ణగారూ హీలీ 2001లో రాసిన మరొక వ్యాసంలో, ఈ విషయంపై అంతవరకూ జరిగిన పరిశోధనలన్నిటినీ సమీక్షించారు. కంపెనీకీ ప్రజలకూ నడుమ ఆడిటర్లు, విశ్లేషకులు, పత్రికలవారు ఉంటారు. వారంతా బుట్టను కదిపి చూసేవారే. వారు తమ పని సరిగా చేస్తేనే విపణి నిలుస్తుంది.

ఆ 2001లోనే అమెరికాలో ఎన్రాన్ అనే మహాసంస్థ దివాలా తీసింది. ఇందరు కాపలాదారులుండగా ఇది ఎలా జరిగిందని విచారిస్తూ ఆ ఇద్దరూ 2003లో మరో వ్యాసం రాశారు.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం బాధాకరమైన సంగతి. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ కంపెనీ డైరెక్టర్ల మండలిలో కృష్ణగారు సభ్యులుగా ఉండేవారు. 2008 డిసెంబరులో రాజీనామా చేశారు. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలు తప్పుడువని ఒక లేఖలో ఒప్పుకొన్నారు. నగదుగానూ బ్యాంకులలోనూ ఉన్నట్లు చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు! మండలి సభ్యులకు ఈ సంగతి తెలియదని కూడా ఆ లేఖలో రాశారు. ఆ ఒక్క రోజులోనే వాటా ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. వాటాలు కొన్న సామాన్యులు ఎంతో నష్టపోయారు.

చూశారా! బుట్ట అడుగు చూడటమెలాగో జీవితమంతా పరిశోధించిన పండితుడు కూర్చున్న చోటనే ఈ మోసం దాగి ఉన్నది. అంతమాత్రాన ఆ పరిశోధన వ్యర్థమైనదనుకోకండి. పండితుడున్నాడు కదా అని మిగిలినవారు అడగడం మానకూడదని దీనివలన తెలుస్తున్నది. నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలంటారు. కాని అంతవరకూ ఆగితే, సొమ్ము పోగొట్టుకొన్నవారికి మిగిలేదేమిటి? అందుకే ముందుగానే అడగాలి.

రేపు మీలో ఎవరైనా మీ తరగతి విహారయాత్రకు చందా పోగుచేస్తే, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది కాగితం మీద రాసి అందరికీ చూపించండి. ఎవరైనా లెక్క అడిగితే కోపగించుకోకండి. నలుగురి సొమ్ము చేతిలో పట్టుకొన్నవారు నేర్వవలసిన మొదటి పాఠం అదే.

ప్రశ్నలు

1. మంచి పండ్లవాడు సంత నుంచి ఎందుకు వెళ్లిపోయాడు?
2. కంపెనీకీ ప్రజలకూ నడుమ ఉండి లెక్కలను పరిశీలించేవారు ఎవరెవరు?
3. సత్యం కంపెనీ కథ వలన మీరు తెలుసుకొన్నదేమిటి? సొంత మాటలలో రాయండి.