మందు, చేతిరాత, సంతకం
(తిరుపతిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పొదుపు సంఘాల్లో తిరిగేవాళ్ళకి ఈ మాట కొత్త కాదు: "సంతకం కలవలేదు". బ్యాంకు నుంచి కాగితం వెనక్కొస్తుంది. సంతకం పెట్టినామె మానసిక జబ్బుకి మందులు వాడుతుందని తెలిస్తే ఇక ఇంటివాళ్ళదీ, ఊరివాళ్ళదీ ఒకటే మాట: "మళ్ళీ తిరగబెట్టింది". జబ్బు తిరగబెట్టి ఉండకపోవచ్చు. అది మందు చేసిన పని కావచ్చు.

హాలోపెరిడాల్, ట్రైఫ్లుపెరజిన్, ఫ్లూఫెనజిన్ ఇంజెక్షన్ లాంటివి మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. లేని గొంతులు వినబడటం తగ్గేది అందువల్లనే. కానీ వేళ్ళ కదలికను సాఫీగా నడిపేదీ డోపమైనే. దాన్ని మరీ అడ్డుకుంటే చెయ్యి బిగుస్తుంది, వణుకుతుంది. అక్షరాలు చిన్నవై, వరస చివరికొచ్చేసరికి ఇరుక్కుపోతాయి. రిస్పెరిడోన్ లాంటి తర్వాతి మందులతోనూ మోతాదు పెరిగితే ఇదే బాధ. వయసు మళ్ళిన స్త్రీలకి మరీ ఎక్కువ.

డాక్టర్లకి ఇది తెలియంది కాదు. హాజె అనే జర్మన్ వైద్యుడు 1950లలోనే రోగుల చేత రాయించి చూసి, రాత కాస్త చిన్నదయ్యే మోతాదే చాలు, అంతకు మించి అక్కర్లేదన్నాడు. ఆయనకి చేతిరాతే కొలబద్ద. మరి ఓపీ రద్దీలో ఒక్క వాక్యం రాయించి చూసే తీరిక ఎవరికుంది?

చదువురాని ఆడమనిషికి రాతతో పనేమిటి అనకండి. శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. వెదురుపుల్లకి చుట్టిన గుడ్డని, బెల్లం, ఇనుము నానబెట్టి చేసిన నల్లరంగులో ముంచి, వేళ్ళతో నొక్కుతూ గీత గియ్యాలి. నొక్కు తప్పిందా, మరకే. వేళ్ళు బిగిస్తే కూలి పోతుంది. పూలు కట్టేవాళ్ళకీ, మిషను కుట్టేవాళ్ళకీ అంతే. ఇంట్లో మాత్రం దీనికి పేరు బద్ధకం!

అయితే మందు మానెయ్యమని ఎవరికీ చెప్పకండి. ఉన్నట్టుండి ఆపితే జబ్బు నిజంగానే తిరగబెడుతుంది. మందు మొదలుపెట్టేటప్పుడే ఒక నోటుబుక్కులో ఆమె చేత పేరూ ఊరూ రాయించండి. రాయడం రాకపోతే చుక్కల ముగ్గు వేయించండి. వారానికోసారి, తేదీతో. రుయాకి వెళ్ళినా, ఇంకెక్కడికి వెళ్ళినా ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టండి. మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, ట్రైహెక్సిఫెనిడిల్ కలపవచ్చు. దానితో నోరెండిపోవడం, మతిమరుపు రావచ్చు, అదీ అడగండి. దుష్ఫలితాలు తెలుసుకోవడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షను ఇచ్చిన హక్కు.

అదే చట్టం 3వ సెక్షను ప్రకారం, జబ్బుందని తేలినంత మాత్రాన ఎవరూ మతిస్థిమితం లేనివాళ్ళు అయిపోరు. అది కోర్టు తేల్చాలి. భూమి కాగితాల దగ్గర, విడాకుల కేసుల్లో వంకర సంతకాన్ని సాక్ష్యంగా చూపేవాళ్ళకి ఆ సెక్షను చదివి వినిపించండి. బ్యాంకులో కొత్త నమూనా సంతకం ఇప్పించండి. జబ్బువల్ల సంతకమే పెట్టలేకపోతే ఇద్దరు సాక్షుల ఎదుట, అందులో ఒకరు బ్యాంకు అధికారిగా, వేలిముద్ర తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకే చెప్పింది. మేనేజరుకి ఆ సంగతి గుర్తుచేయాల్సింది చాలాసార్లు మనమే.