భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్

భోజనాల బల్ల మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. తెర, కీబోర్డు అతుక్కునే ఉంటాయి కదా, చేతులకు కుదిరితే కళ్లకు కుదరదు. అందుకే దాని కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చండి. మా ఇంట్లో పాత నిఘంటువులు ఇన్నాళ్లకు ఇలా అక్కరకొచ్చాయి! తెర పై అంచు ఇంచుమించు కంటి ఎత్తుకు రావాలి, చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి. కీబోర్డు, మౌసు విడిగా కొనుక్కోక తప్పదు. టైపు చేసేటప్పుడు మోచేతులు ఒంటికి దగ్గరగా, బల్ల ఎత్తులోనే ఉండాలి. అందుకని కుర్చీ మీద దిండు వేస్తే కాళ్లు వేలాడతాయి. వాటి కింద పీట వేసుకోండి. నడుముకు ఆసరాగా వెనక చుట్టిన తువ్వాలు చాలు. కిటికీ వెలుగు పక్కనుంచి పడనివ్వండి. 20 నిమిషాలకోసారి తల తిప్పి, 20 అడుగుల అవతల ఉన్న ఏ వేపచెట్టునో 20 సెకన్లు చూడండి.