మరల మరల వచ్చు సర్పి



నడుమునకో ఱొమ్మునకో ఒక ప్రక్కగా మంటతో పొక్కులు లేచినప్పుడు మన పెద్దలు దానిని సర్పి యందురు. గ్రీకు వైద్యులు ఇట్టి పొక్కులకు పెట్టిన పేరు హెర్పీస్. ఆ మాటకు ప్రాకుట యని అర్థము. మన సర్పశబ్దమును, ఆ గ్రీకు శబ్దమును ఒకే ధాతువునుండి పుట్టిన తోబుట్టువులు. అయితే నడుమున లేచు సర్పికి కారణము ఆటలమ్మను కలిగించు వైరస్. నేడు నేను చెప్పబోవునది దానికి దాయాదియైన వేఱొక వైరస్‌ను గూర్చి. ఇది జననేంద్రియముల కడ పొక్కులు లేపును, అవి చితికి పుండ్లగును, మానును, కొన్ని నెలలకు మరల వచ్చును.

ఇంటిల్లిపాదియు వినుచుండగా ఈ మాట యెత్తవచ్చునా యని కొందఱు సంకోచింపవచ్చును. ప్రపంచారోగ్య సంస్థ 2024లో ప్రకటించిన అంచనాను బట్టి 15 మొదలు 49 ఏండ్ల వయస్సు వారిలో సుమారు 84 కోట్ల 60 లక్షలమందికి, అనగా ప్రతి అయిదుగురిలో ఒకరికి, ఈ వైరస్ సోకియున్నది. ఇంత సామాన్యమైన దానిని దాచుకొని బాధపడుటకు కారణము వ్యాధి తీవ్రత కాదు. సుఖవ్యాధి యని మనము పెట్టుకొన్న పేరులోనే ఒక నింద కలదు. ఆ నిందకు వెఱచియే పలువురు వైద్యుని గడప త్రొక్కరు.

ఇది మరల ఏల వచ్చును? వైరస్ మొదట చర్మము గుండ ప్రవేశించి, నరముల వెంట ప్రాకిపోయి, వెన్నెముక దిగువనున్న నరముల ముడులలో చేరి నిద్రించును. 1971లో స్టీవెన్స్, కుక్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు ఎలుకల యందు ఈ సంగతి నిరూపించిరి. దేహములోని రక్షణశక్తి పైపొక్కులను మాన్పగలదు గాని ముడులలో దాగినదానిని వెడలగొట్టజాలదు. జ్వరము, నిద్రలేమి, బహిష్టు, మనోవేదన, చర్మపు ఒరపిడి—వీనిలో నేదేని కారణముగా, ఒక్కొక్కప్పుడు ఏ కారణమును తెలియకయే, అది మేలుకొని పోయిన దారినే దిగివచ్చును. తొలిసారి వచ్చినప్పుడు బాధ రెండు మూడు వారములుండును. తరువాతి రాకలు తేలికైనవి. సాధారణముగా వారము, పది దినములలో మానును. ఏండ్లు గడచిన కొలది రాకల మధ్య ఎడము పెరుగును.

సంసారములలో కలతలు పుట్టునది ఇక్కడనే. పెండ్లియై పదియేండ్లు గడచిన పిదప ఆలుమగలలో ఒకరికి తొలిసారి పొక్కులు కనబడును. రెండవవారి మనస్సులో వెంటనే అనుమానము తలయెత్తును. కాని సోకినవారిలో పెక్కుమందికి ఏండ్ల తరబడి ఏ చిహ్నమును కనబడదు. కనబడినను చిన్న ఒరుపనియో, పురుగు ప్రాకినదనియో ఎంచి మఱచిపోవుదురు. నేటి పొక్కును చూచి, ఇది ఎన్నడు సోకినది, ఎవరినుండి సోకినది అని ఏ వైద్యుడును తీర్పు చెప్పలేడు. పొక్కు మరల లేచుట క్రొత్త తప్పునకు సాక్ష్యమని తలచుట అన్యాయము.

దీనిని సమూలముగా పెకలించు మందు లేదు. అదుపులో నుంచు మందు కలదు. అసైక్లోవిర్ అను ఆ మందు గెర్ట్రూడ్ ఎలియన్ అను శాస్త్రజ్ఞురాలి పరిశోధనశాలనుండి 1970వ దశాబ్దమున వెలువడినది. ఆమె 1988లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానమును మఱి యిద్దఱితో కలిసి పొందినది. ఈ మాత్రలను వాడుటకు రెండు పద్ధతులు కలవు. పొక్కు లేచుటకు కొన్ని గంటల ముందో, ఒక దినము ముందో ఆ చోటు చిమచిమలాడును. పిరుదునుండి తొడ వెంట పోటు దిగును. ఆ గుర్తు తెలియగనే మాత్రలు మొదలుపెట్టినచో బాధ త్వరగా తీరును. పుండ్లు పడి మూడు దినములైన పిదప మొదలిడిన ఫలము స్వల్పము. కావున వైద్యుని సలహాతో మాత్రలను ముందే ఇంట నుంచుకొనవలెను. ఏటికి ఆఱు పర్యాయములు, అంతకు మించియు వచ్చువారికి వైద్యులు ప్రతిదినము మాత్ర యిత్తురు. దానివలన రాకలు నూటికి 70, 80 పాళ్లు తగ్గును. మూత్రపిండముల వ్యాధి యున్నవారు ఆ సంగతి ముందుగా చెప్పవలెను.

పుండున్న దినములలో ఆ చోటును గోరువెచ్చని ఉప్పునీటితో కడిగి, రుద్దక, మెత్తని గుడ్డతో అద్దవలెను. వదులైన నూలుబట్టలు మేలు. మూత్రము మండునప్పుడు పైన నీరు పోసికొనుచు విసర్జించినచో ఉపశమించును. నీరు ధారాళముగా త్రాగవలెను. నొప్పికి పారాసిటమాల్ చాలును. పసరులు, సున్నము, ఘాటైన మందునీళ్లు, అడిగినంతనే అంగడిలో నిచ్చు స్టిరాయిడ్ లేపనములు పూయరాదు. పుండును తాకిన చేతిని సబ్బుతో కడుగక కన్ను నులుముకొనరాదు. ఇంటిలోని తక్కినవారికి భయము లేదు. గిన్నెలు, పక్కబట్టలు, మరుగుదొడ్డి మూలమున ఇది సోకదు.

దాంపత్య విషయమున జాగ్రత్త వేఱు. చిమచిమ మొదలైనది మొదలు చర్మము పూర్తిగా మానువఱకు ఎడముగా నుండవలెను. పుండు లేని దినములలోను వైరస్ కొంత వెలువడుచునే యుండును; తొడుగు వాడినచో ప్రమాదము తగ్గును గాని పూర్తిగా పోదు. ప్రతిదినము వాలసైక్లోవిర్ పుచ్చుకొనుటచే రెండవవారికి సోకు అవకాశము సుమారు సగమునకు తగ్గినదని 2004లో ఒక పరిశోధన తెలిపినది. గర్భిణులు ఈ వ్యాధి సంగతి ప్రసవము చేయు డాక్టరునకు తప్పక తెలుపవలెను. శిశువునకు మిక్కిలి అపాయము తల్లికి చివరి నెలలలో క్రొత్తగా సోకినప్పుడు. పూర్వమునుండి యున్నచో అపాయము చాల తక్కువ. నొప్పులు వచ్చునాటికి పుండ్లున్నచో శస్త్రచికిత్సచే బిడ్డను తీయుదురు. ఇట్టి పుండ్లున్నవారికి హెచ్.ఐ.వి. సోకుట సులభము కావున ఆ పరీక్షయు చేయించుకొనుట మంచిది. ప్రభుత్వాసుపత్రులలోని చర్మ, సుఖవ్యాధుల విభాగములందును, సురక్షా క్లినిక్కులందును ఈ చికిత్స లభించును.

ఇక మిగిలినది చెప్పుకొనుట. పలువురికి పుండుకంటె ఇది కష్టము. పుండు మండుచున్ననాడు, కోపము రేగియున్ననాడు ఈ ప్రస్తావన వలదు. దేహము నెమ్మదిగా నున్న ఒకనాటి సాయంకాలము, పిల్లలు నిదురించిన పిదప, ఒక్క వాక్యముతో మొదలుపెట్టవచ్చును: “డాక్టరుగారు మన యిద్దఱిని కలిసి రమ్మన్నారు.” ఆ మాట ఎవరిపైనను నేరము మోపదు. తక్కినది డాక్టరుగారి గదిలో, ఆయన యెదుట, ఇద్దఱును ప్రక్కప్రక్కన కూర్చుండి వినవచ్చును.