దరఖాస్తుకు ముందు పని

కావలిలోనో ముత్తుకూరులోనో ఉండి ఇంజనీరింగ్ చదివే పిల్లలు గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ మాటెత్తితే, అది ఐఐటీ వాళ్లకేలే అని పక్కన పెట్టేస్తుంటారు. ఓపెన్ సోర్సు సంస్థలకు, అంటే కోడును అందరికీ తెరిచి ఉంచే సంస్థలకు, పనిచేసి గూగుల్ నుంచి భృతి పొందే ఈ కార్యక్రమం 2005లో మొదలైంది. 2022 నుంచి అది విద్యార్థులకే పరిమితం కూడా కాదు. పద్దెనిమిదేళ్లు నిండి, ఓపెన్ సోర్సుకు కొత్తవాళ్లయితే చాలు. ఎవరిని తీసుకోవాలన్నది ప్రధానంగా ఆయా సంస్థల మెంటర్లు, అంటే పని నేర్పే మార్గదర్శకులు, తేలుస్తారు. వాళ్లు చూసేది కాలేజీ పేరు కాదు, ఈ మనిషి మా కోడు చదివాడా లేదా అని. అందుకే మార్చి నెలాఖరులో హడావిడిగా రాసిన పది పేజీల ప్రతిపాదన కన్నా, జనవరిలో వాళ్ల కోడులో సరిచేసిన ఒక చిన్న తప్పుకే విలువెక్కువ.

మనకు ఇంగ్లీషు అంతంతమాత్రం కదా అంటారు. నిజమే. కానీ కోడులో తప్పు కనబడితే ఏ వెర్షను, ఏం టైపు చేశాం, ఏం కనిపించింది అని మూడు ముక్కలు తేటగా రాయడానికి పాండిత్యం అక్కర్లేదు. పైగా తెలుగు తెలియడమే ఇక్కడ పెట్టుబడి. 2018లో ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ కోడు మన చేతికందదు. ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్‌లలో మన ఒత్తులను పేర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ మాత్రం ఓపెన్ సోర్సే. అందులో ఒత్తు పక్కకు జరిగితే మన కన్ను ఇట్టే పట్టేస్తుంది.

ఎంపికకు ముందు చేసే పనికి డబ్బు రాదు, ఆ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ఒకటి రెండు సంస్థలకు మించి తలకెత్తుకోవద్దు. ఇక సెమిస్టరు పరీక్షలంటారా, పని గడువు సాగదీసుకునే వీలుంది. పరీక్షల తేదీలు ప్రతిపాదనలోనే రాసేయండి, జూన్‌లో చెబుదామని ఆగకండి.